చెయ్యి ‘పడిపోవడం’, చెయ్యి ‘స్వాధీనం తప్పడం’ ఒకటేనా?

ఒక అనువాదం చేస్తూ ఇక్కడ చిక్కుకున్నాను. పక్షవాతం వచ్చిన మనిషికి ‘చెయ్యి పడిపోయింది’ అంటాం, ‘చెయ్యి స్వాధీనంలో లేదు’ అనీ అంటాం. రెండూ ఒకటేలే అని ఒకచోట అదీ, ఇంకోచోట ఇదీ రాసేశాను. ఏదో ఒకటే ఉంచమని ఎడిటర్ గారు తిప్పి పంపారు. ఏది ఉంచను? ఇంకో సందేహం కూడా ఉంది. పేపర్లలో పోలీసులు స్వాధీనం చేసుకునేది దొంగసొత్తు. ఆ మాట కాళ్ళకీ చేతులకీ ఎలా వచ్చిందంటారు?

వ్యాఖ్య:
రెండోదానికి జవాబు తేలికేనండీ. స్వ + అధీనం, అంటే తన వశంలో ఉండటం. అష్టవిధ నాయికల్లో స్వాధీనపతిక ఉందిగా, మొగుడు ఆవిడ చెప్పుచేతల్లో ఉంటాడు. సొత్తయినా, మొగుడైనా, చెయ్యయినా అడిగేది ఒక్కటే, ఎవరి మాట వింటోందని. తేడా అంతా పక్కన వచ్చే క్రియలో ఉంది. ‘స్వాధీనం చేసుకున్నారు’ అంటే ఇంకొకరి దగ్గర్నుంచి తీసుకున్నట్టు. ‘స్వాధీనంలోకి వచ్చింది’ అంటే తనదే తన మాట వినడం మొదలుపెట్టినట్టు.

వ్యాఖ్య:
నేను ఫిజియోథెరపిస్టుని. మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: ఒకటి కాదు, దయచేసి రెండూ ఉంచండి.

మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లినా ఆ భాగం దెబ్బతింటుంది. నరాల దారులు చాలావరకు మెదడు అడుగున అటూ ఇటూ మారతాయి కాబట్టి ఎడమ మెదడుకి దెబ్బ తగిలితే కుడి చెయ్యి పోతుంది. చేతి కండరానికి ఏమీ కాలేదు, దానికి ఆజ్ఞ అందడం లేదంతే. కళ్ళు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపమంటాం. ఒకటి మెల్లగా కిందికి వాలిపోతుంది. ‘పడిపోవడం’ అనే మాటకి ఇంతకన్నా రుజువేం కావాలి?

చిన్నమెదడుకి దెబ్బ తగిలినవాళ్ళలో ఇంకోలా ఉంటుంది. చేతిలో బలం ఉంటుంది, గట్టిగా పట్టుకుంటారు కూడా. కానీ గ్లాసు అందుకోబోతే చెయ్యి ఊగుతూ దాన్ని దాటి పోతుంది. ఆ చెయ్యి పడిపోలేదు, స్వాధీనం తప్పింది.

కోలుకునేటప్పుడూ ఈ తేడా కనిపిస్తుంది. చాలామందికి ముందు భుజం కదులుతుంది, వేళ్ళు ఆఖరున. చెయ్యి తల దాకా లేచినా చొక్కా గుండీ పెట్టుకోలేరు. అందుకే కొందరికి బాగున్న చేతికి తొడుగు వేసి, రోజూ కొన్ని గంటలు పనులన్నీ రెండో చేత్తోనే చేయిస్తాం. లేకపోతే ఆ చేతిని వాడటమే మానేస్తారు. చచ్చిన మెదడు కణాలు తిరిగి రావు, మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకోవాలి. వందలసార్లు చేయించేది అందుకే. (చేయించేవాళ్ళకీ విసుగొస్తుంది, చెప్పం.)

వ్యాఖ్య:
పక్షవాతంలో ‘పక్షం’ అంటే ఒక పక్క. పక్షాఘాతం అని కూడా అంటారు, అందులో ఆఘాతం అంటే దెబ్బ. ఇంగ్లీషు స్ట్రోక్ అన్నా దెబ్బే. ఇంతకీ ‘మాట పడిపోయింది’ని ఎందులో వేస్తారు?

వ్యాఖ్య:
ఫిజియో నేనే మళ్ళీ. అది రెండింటికీ వాడేస్తున్నారండీ. నాలుక, పెదవులు సరిగా కదలక మాట ముద్దగా వస్తే ఒకటి. వస్తువు ఎదురుగా ఉన్నా దాని పేరు నోటికి రాకపోతే ఇంకొకటి. ఆ రెండోది ఎక్కువగా ఎడమ మెదడు దెబ్బతింటే వస్తుంది. దానికి తెలుగులో విడిగా ఓ వాడుక మాట ఉంటే బాగుండేది.

మీ అనువాదంలో ‘పడిపోయింది’ అన్నచోట టైము కూడా ఉంటే తప్పు పోనివ్వకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలాక.

అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండీ. రెండు మాటలూ ఉంచి మళ్ళీ పంపాను. ఇప్పుడు ఆ వాక్యం ఇలా ఉంది: ‘పడిపోయిన చెయ్యి మూడో నెలకి లేచింది. చెంచా పట్టుకునేంత స్వాధీనంలోకి మాత్రం ఇంకా రాలేదు.’ ఎడిటర్ గారు ఈసారి కామా ఒక్కటే అడిగారు.