అప్‌డేట్: డబ్బా శనగలకు రుచి వచ్చింది

ఉడికించి రేకు డబ్బాల్లో అమ్మే శనగలు, రాజ్మా కూరలో వేస్తే గింజ చప్పగా, రేకు వాసనగా ఉంటోంది, ఏం చేయాలని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

జల్లెడలో పోసి కుళాయి కింద బాగా కడిగితే ఆ వాసన పోయింది, ఉప్పూ తగ్గింది. డబ్బా నీళ్లు పారబోయొద్దన్న సలహా మాత్రం రాజ్మాకి నాకు నచ్చలేదు.

అసలు తేడా మగ్గించడంలో ఉంది. గింజలు ముందే ఉడికినవైనా, ఉల్లి, టమాటా, అల్లంవెల్లుల్లి బాగా వేగాక వేసి, గ్లాసు నీళ్లు పోసి సన్నసెగ మీద 20 నిమిషాలు ఉంచితే మసాలా లోపలికి దిగుతోంది. గుప్పెడు గింజలు గరిటెతో మెదిపితే గ్రేవీ దానంతటదే చిక్కబడుతుంది. ఉప్పు చివర్లో, రుచి చూశాకే.

గుగ్గిళ్లకైతే కడిగిన శనగల్ని గుడ్డ మీద ఆరబెట్టాలి. తడి ఉంటే వేగవు. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపులో పెద్దమంట మీద పొట్టు ఎర్రబడేదాకా వేయించి, దించాక నిమ్మరసం, పచ్చికొబ్బరి కలిపాను. పిల్లలు గిన్నె ఖాళీ చేశారు!

నానబెట్టి వండిన శనగల రుచి వేరే, కాదనను. పని నుంచి ఆలస్యంగా వచ్చిన రోజు మాత్రం ఇవి చాలు.

బ్లాక్ బీన్స్‌తో చింతపండు పులుసు పెట్టినవాళ్లుంటే కొలతలు చెప్పండి.