‘సల్లగ జూసినవ్ తండ్రీ’: ఈ మాట మీద చర్చ

మొన్న మన గుంపులో ఒక సార్ అడిగారు: దేవుడికి థాంక్స్ చెప్పడానికి తెలుగులో సొంత మాట ఉందా అని. ధన్యవాదాలు, కృతజ్ఞతలు రెండూ సంస్కృతమే కాబట్టి, మనవాళ్లకు దేవుణ్ణి అడుక్కోవడమే తప్ప థాంక్స్ చెప్పే అలవాటు లేదని ఆయనే తేల్చేశారు కూడా. లైకులు బాగానే పడ్డాయి. నాకు మాత్రం మింగుడు పడలేదు.

మా నల్లగొండ పల్లెల్లో ఆ మాట ఉంది. అది ‘సల్లగ’. పుస్తకాల్లో రాసే ‘చల్లగా’నే. మిరుగు కార్తెలో మొదటి వాన పడితే రైతు ‘దేవుడా, నీకు కృతజ్ఞతలు’ అనడు. మొగులు దిక్కు చూసి ‘సల్లగ జూసినవ్ తండ్రీ’ అంటాడు. అందులో పొగడ్త ఉంది, థాంక్స్ ఉంది, రేపు కూడా ఇట్లనే చూడు అనే అర్జీ కూడా ఉంది. ఈ మూడింటికీ మూడు మాటలు పెట్టుకునే పని మనవాళ్లకు పడలేదు, అంతే.

చల్లదనమే ఎందుకంటే, మే నెలలో ఒకసారి ఇటు వచ్చి చూడండి. 44, 45 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే సామెత మాకు సామెతలా వినిపించదు. పైగా మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగినవాళ్ల ఎముకలు వంకరపోయాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పడిందంటే నీళ్లతో మా బాధ ఏపాటిదో అర్థం చేసుకోవచ్చు. ఇక్కడ ఒక ముంత మంచినీళ్లు, ఒక వేపచెట్టు నీడ, పొద్దుగూకినాక వీచే గాలి దొరికితే దేవుడి దయ అంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు.

పోచమ్మకు సాక పోయడం చూసే ఉంటారు. చెంబులో నీళ్లు, అందులో వేపమండ. గద్దె ముందు వంగి ధార విడవకుండా పోస్తారు. ఎర్ర చెల్క నేల కదా, నీళ్లు నిలవవు. చుట్టూ దుమ్ము చిన్న చిన్న ఉండలుగా లేస్తుంది, నడుమ మట్టి నల్లబడుతుంది, పోసిన చెయ్యి వెనక్కి తీసేలోపే ఇంకిపోతుంది. అప్పుడు అనే మాట ‘సల్లగుండు తల్లీ, మమ్ముల సల్లగ సూడు’. ముందు దేవతను చల్లగా ఉండమని, తర్వాతే మమ్మల్ని చూడమని. దీన్ని అడుక్కోవడం అంటే నేను ఒప్పుకోను.

(సందర్భం వచ్చింది కాబట్టి: పేపర్లలో ‘వెచ్చని స్వాగతం’ అని రాసేవాళ్లు ఎండాకాలం మధ్యాహ్నం నల్లగొండ బస్టాండులో దిగి చూడాలి.)

మీ ఊళ్లలో ఈ మాట ఎట్లా వాడతారో రాయండి.

కామెంట్లు

గుంటూరు నుంచి ఒకరు: మా వైపూ ‘చల్లగా ఉండు బాబూ’ అంటారండీ. ‘నీ కడుపు చల్లగుండ’ అనేది అందరిదీ. ఇందులో తెలంగాణ ప్రత్యేకత ఏముంది?

నేను: మాట అందరిదే అండీ, మాదేనని నేను అనలేదు. మీ ఎండలూ తక్కువేం కాదు. అయితే మనుషుల్ని దీవించడం ఒకటి, దేవుడికే ఆ మాట తిరిగి చెప్పడం ఇంకొకటి. ఆ రెండోది మీ దగ్గర కూడా ఉందా? ఉంటే రాయండి, నా వాదనకే బలం.

అచ్చంపేట నుంచి ఒక తమ్ముడు: అన్నా, సలేశ్వరం యాది చేయలేదేంది? చైత్ర పున్నమికి నల్లమలలో జాతర. ఏడాదిలో ఆ కొన్ని రోజులే పోనిస్తరు. ఎండల అడవిల నడిచి, రాళ్ల మీదంగ లోయలకు దిగాలె. కాళ్లు మాడుతుంటయ్. ‘వస్తున్నం లింగమయ్యా’ అనుకుంట దిగుతరు జనం. కింద రెండు కొండల నడుమ మీదికెళ్లి నీళ్లు పడుతుంటయ్, గుండంల కాలు పెడితే జిల్లుమంటది. అక్కడ పూజ చేసేది చెంచులు. గుండంల మునిగి లేసిన ముసలమ్మ నోట మంత్రం రాదు, శ్లోకం రాదు. ‘అబ్బా, సల్లగున్నది లింగమయ్యా’ అంటది. గంతే. మీ సార్‌ను ఒకసారి తోలుకరండి.

నేను: తమ్మీ, నా పోస్టు కన్నా నీ కామెంటే బాగుంది.

దేవరకొండ నుంచి ఒక టీచరమ్మ: పద్యం లేకుండా భాషా చర్చ ఏమిటి? పోతన సరస్వతిని తలుచుకున్న పద్యం అందరికీ వచ్చిందే.

శారద నీరదేందు ఘనసార పటీర మరాళ మల్లికా
హార తుషార ఫేన రజతాచల కాశ ఫణీశ కుంద…

చంద్రుడు, కర్పూరం, గంధం, మల్లెలు, మంచు. ఎన్ని చలువ వస్తువులో చూడండి. ఇందులో ‘కాశ’ అంటే రెల్లు పువ్వు. వినాయక చవితి దాటినాక డిండి వాగు ఒడ్డున తెల్లగా ఊగుతుంటుంది, ఎవరూ కోయరు, ఏ దేవుడికీ పెట్టరు. పోతన దాన్ని వెండికొండ పక్కన కూర్చోబెట్టాడు. బస్సు కిటికీలోంచి ఆ పూలు కనబడితే నాకు ఈ పద్యం దానంతటదే నోటికొస్తుంది. దండం పెట్టుకున్నట్టే లెక్క.

నేను: అమ్మా, రెల్లుపువ్వు సంగతి నేనెప్పుడూ గమనించలేదు. కానీ ఒక్క మాట. పోతన ఏరినవి తెల్లని వస్తువులు. పాలసముద్రం, హంస, ఆదిశేషుడు ఉన్నది తెలుపు కోసమే. చల్లదనం మనం అందులో ఊహించుకుంటున్నది.

టీచరమ్మ: తెలుగులో ఆ రెండూ అంత దూరం కాదు బాబూ. ఉతికి తెల్లగా చేసిన బట్టలను చలువ బట్టలు అంటాం. చలువరాయి సంగతి సరేసరి. తెలుపు చూసి కళ్లు చల్లబడటం పోతనకు తెలియదంటావా?

నేను: సగం ఒప్పుకుంటాను.

నాగర్‌కర్నూల్ నుంచి ఒకరు: వాగు ఇసుకలో తవ్వితే ఊరే చల్లని నీళ్ల గుంటను చెలిమె అంటాం. చెలిమి అంటే స్నేహం. రెండూ ‘చల్ల’ నుంచే పుట్టి ఉంటాయి.

నేను: వినడానికి బాగుంది గాని, వినడానికి బాగున్నంత మాత్రాన వ్యుత్పత్తి కాదు. పాత ప్రయోగాలు ఏవైనా చూపిస్తే మాట్లాడుకుందాం.

మిర్యాలగూడ నుంచి ఒకరు: మరి మనిషి చనిపోతే ‘సల్లవడ్డడు’ అంటారు కదా. అది కూడా దేవుడి దయేనా? మా తాత పోయిన రోజు నుంచి ఆ మాట వింటే నాకు భయం.

నేను: అది ఒళ్లు చల్లబడటం అన్నా, వేడి పోవడం. ‘సల్లగ ఉండు’ వేరు, ‘సల్లవడు’ వేరు. వాడేచోట ఎవరూ తికమకపడరు. అందుకే దీవించేటప్పుడు ‘సల్లవడు’ అని పొరపాటున కూడా అనరు.

మక్తల్ నుంచి ఒక అన్న: మా ఇళ్లలో కన్నడం కూడా నడుస్తుంది. అందులోనూ ‘నిన్న హొట్టె తణ్ణగిర్లి’ అంటారు, అచ్చం ‘నీ కడుపు సల్లగుండ’. అంటే ఇది ఒక్క తెలుగు ముచ్చట కాదు, ఎండల ముచ్చట.

నేను: ఇది నాకు కొత్త అన్నా. అయితే అసలు ప్రశ్న మిమ్మల్నే అడగాలి. వాన పడ్డప్పుడు దేవుణ్ణి ఉద్దేశించి కూడా ఆ ‘తణ్ణగె’ వాడతారా, లేక మనుషులకేనా? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇక్కడే రాయండి, సార్‌ను కూడా ట్యాగ్ చేస్తాను.