పక్క దేశాల కూటమి యుద్ధం తీర్చగలదా, ఆపడం వరకేనా?

కేసీకెనాల్_గట్టు (కర్నూలు)

నేను కర్నూల్లో గ్రూప్స్ పిల్లోళ్లకి అంతర్జాతీయ సంబంధాలు చెప్తా. 2025 జులైలో థాయిలాండ్, కంబోడియా ఐదు రోజులు ఫిరంగులతో కొట్టుకున్నాయి కదా, ఆ ఏడాది ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ అధ్యక్ష స్థానంలో ఉన్న మలేషియా ఇద్దర్నీ తన పరిపాలనా రాజధాని పుత్రజయకి పిలిపించి 28వ తేదీ కాల్పులు ఆపించింది. క్లాసులో అందరూ "ప్రాంతీయ సంస్థ విజయం" అని నోట్సులో ఎక్కించుకున్నారు. డిసెంబర్‌లో మళ్లీ మొదలైంది. ఒక పిల్లోడు లేచి "సార్, ఈ పేజీ కొట్టేయాల్నా?" అని అడిగినాడు. జవాబు చెప్పలేకపోయినా, అందుకే ఈడ పెడుతున్నా.

నా అభిప్రాయం ముందే చెప్తా, ఈ కూటములు గొడవలు తీర్చలేవు, వాటి కట్టుబాట్లే అట్లున్నాయి. 1985లో ఢాకాలో పుట్టిన దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ తీసుకోండి, చార్టర్ 10వ అధికరణంలోనే నిర్ణయాలన్నీ ఏకగ్రీవంగా ఉండాల, ఇద్దరి మధ్య తగాదాలు చర్చకే రాకూడదు అని రాసుకున్నారు. పొయ్యి ముట్టించొద్దని చెప్పి వంటింటి తాళం చేతికిచ్చినట్టు. 2014 కాట్మండు తర్వాత శిఖరాగ్ర సమావేశమే లేదు, 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది కశ్మీర్‌లో ఉరి సైనిక శిబిరం మీద దాడితో ఆగింది, ఆగింది ఆగినట్టే ఉంది. మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కుంటే ఏప్రిల్‌లో జకార్తాలో ఆసియాన్ ఐదు సూత్రాలు ఒప్పించింది, మొదటి సూత్రమే హింస వెంటనే ఆపాల అని. ఆగలేదు.

మనకు తెలిసిందే చూడండి, కృష్ణా బోర్డు 2014 విభజన చట్టంతోనే వచ్చింది. 2023 నవంబర్ 30 తెల్లారేసరికి నాగార్జునసాగర్ మీద మన పోలీసులు 13 గేట్లు తమ చేతిలోకి తీసుకుని కంచె వేసినారు, అవతల తెలంగాణ పోలీసులు. బోర్డు ఏం చేయగలిగింది? చివరికి కేంద్రం సీఆర్పీఎఫ్‌ను దింపితే గానీ సద్దుమణగలేదు. సొంత బలగం లేని పెద్దమనిషి మాట ఎవరు వింటారు?

దోహా_కడపోడు (కడప, ఇప్పుడు ఖతార్)

సార్, నేను చదువుకున్నోన్ని కాదు, దోహాలో డ్రైవర్ని, కానీ ఈ సంగతి నా మీదుగా పోయింది కాబట్టి చెప్తా. 2017 జూన్ 5, రంజాన్ నెల, పొద్దున లేచేసరికి సౌదీ, దుబాయోళ్లు, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో తెగతెంపులు చేసుకున్నారని వార్త, సౌదీ వైపు రోడ్డు బంద్. ఖతార్‌కి నేల మీద ఉండే దారి అదొక్కటే సార్. ఆ సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో పాలు లేవు, కోడి లేదు, మా క్యాంప్‌లో కడప, చిత్తూరు పిల్లోళ్లు బియ్యం మూటలు మంచం కింద పెట్టుకున్నారు. తర్వాత టర్కీ నుంచి పాలు వచ్చినాయి, ఆవులను కూడా విమానాల్లో తెచ్చినారు. నా తమ్ముడు అప్పుడు సౌదీలో, అల్ హసాలో, మామూలుగా మూడు గంటల దారి. నాలుగేండ్లు మొగం చూసుకోలేదు.

ఇప్పుడు విషయం ఏందంటే ఆ కొట్లాడినోళ్లలో ముగ్గురు, ఖతార్ కూడా, అందరూ గల్ఫ్ దేశాల జీసీసీ అనే ఒకే కూటమి. 1981 నుంచి ఉంది. తగాదాలు తీర్చేదానికి ఒక కమిషన్ అని చార్టర్‌లోనే ఉందంట, మా ఆఫీసులో సూడాన్ ఆయన చెప్పినాడు, ఆ మూడున్నరేండ్లలో దాన్ని ఒక్కరోజన్నా కూర్చోబెట్టినోళ్లు లేరు. తిరిగింది ఎవరు? కువైట్ ముసలి అమీర్, షేక్ సబా. ఎనబై ఎనిమిదేండ్ల వయసులో ఒక్కో రాజు ఇంటికీ పోయి మాట్లాడినాడు. 2021 జనవరిలో సౌదీలోని అల్ ఉలాలో రాజీ సంతకాలు అయ్యేసరికి ఆయన లేడు, 2020 సెప్టెంబర్‌లో పోయినాడు. సంస్థ ఏమీ చేయలేదు అనేదానికి నేనూ సాక్షే, కానీ సంస్థ లేకుంటే ఆయన ఏ హోదాలో ఆ గడపలు తొక్కేవాడు? అది నాకు తెలియదు.

గుత్తికోట (అనంతపురం)

కేసీకెనాల్ అన్నా, నువ్వు ఓడినవే ఏరుకొచ్చినావు. ఆఫ్రికా వైపు చూడప్పా.

గాంబియా. యాహ్యా జమ్మే 22 ఏండ్లు ఏలినాడు, 2016 డిసెంబర్ ఎన్నికల్లో అడమా బారో చేతిలో ఓడి, ముందు ఒప్పుకుని వారంలో మాట మార్చినాడు. పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ ఏం చేసింది? అధ్యక్షులే పోయి మాట్లాడినారు, వినకుంటే 2017 జనవరి 19న సెనెగల్ ముందుండి సైన్యాలు సరిహద్దు దాటినాయి, బారో అదే రోజు సెనెగల్ రాజధాని డాకర్‌లో గాంబియా ఎంబసీలో ప్రమాణం చేసినాడు, 21న జమ్మే విమానం ఎక్కినాడు. యుద్ధమే జరగలేదు. జరగని యుద్ధానికి ఫొటోలు ఉండవు కాబట్టి మన నోట్సుల్లో చోటు దొరకదు, అంతే.

ఇంకా వెనక్కి పో, లైబీరియా అంతర్యుద్ధం. 1990 ఆగస్టులో నైజీరియా, ఘనా, ఇంకా చుట్టుపక్కలోళ్లు మన్రోవియాలో దిగినప్పుడు ప్రపంచం అంతా ఇరాక్ ఆక్రమించిన కువైట్ వైపు చూస్తాంది. లైబీరియా మీద భద్రతా మండలి మొదటి తీర్మానం చేసిందే 1992 నవంబర్‌లో. ఆ రెండేండ్లు ఎవరు నిలబడినారు? పక్కింటోళ్లే. మన ఇల్లు కాలితే ఢిల్లీ ఫైరింజన్ రాదు, పక్కింటాయన బిందె వస్తుంది.

కేసీకెనాల్_గట్టు

బిందె పట్టుకొచ్చినాయన ఇంట్లో సామాన్లు కూడా ఎత్తుకుపోతే? ఆ సైన్యం పేరు ఎకోమాగ్, లైబీరియా జనమే ఆ అక్షరాలకి "ఎవ్రీ కార్ ఆర్ మూవింగ్ ఆబ్జెక్ట్ గాన్" అని అర్థం పెట్టుకున్నారు, కదిలేది ఏదీ మిగల్లేదు అని. అధ్యక్షుడు శామ్యూల్ డోను 1990 సెప్టెంబర్‌లో ఆ సైన్యం హెడ్‌క్వార్టర్స్‌లోనే తిరుగుబాటుదారులు పట్టుకుని తీసుకుపోయి చంపినారు, వీళ్లు చూస్తా ఉండిపోయినారు. యుద్ధం 1997 ఎన్నికల దాకా సాగి, 1999లో మళ్లీ లేచి 2003 దాకా నడిచింది.

గాంబియా విషయం ఒప్పుకుంటా. కానీ చిన్న దేశం, మూడు వైపులా సెనెగలే. అదే ఎకోవాస్ 2023 జులైలో నైజర్‌లో సైన్యం అధ్యక్షుణ్ని బంధిస్తే వారం గడువు పెట్టింది, బలం వాడతాం అనింది. గడువు పోయింది, ఎవరూ కదల్లేదు. ఫలితం ఏంది? నైజర్, మాలి, బుర్కినా ఫాసో మూడూ కలిసి వేరే కూటమి పెట్టుకుని 2025 జనవరి 29న ఎకోవాస్ నుంచే బయటికి పోయినాయి. చేయలేని బెదిరింపు చేసి ఇల్లే చీల్చుకుంది.

పెన్నేటి_పిల్ల (కడప)

ఇద్దరన్నలకూ ఒక మాట. మీరు "తీర్చడం", "ఆపడం" రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు, అవి వేరు.

మాది ఫ్యాక్షన్ ఊరు. పేరు చెప్పను. మా నాయన చిన్నాయన కొడుకు 1990ల్లో పోయినాడు, అవతల కూడా ఇద్దరు పోయినారు. చుట్టుపక్కల ఊర్ల పెద్దమనుషులు, ఇద్దరికీ బంధుత్వం ఉన్నోళ్లు, కూర్చుని రాజీ చేసినారు, ఊర్లో పోలీసు పికెట్ చాలా ఏండ్లు ఉండింది. ఏ భూమి మీద మొదలైందో ఆ భూమి కేసు ఇప్పటికీ కోర్టులోనే ఉంది. తీరలేదు. కానీ నేను రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి డిగ్రీ చదివినా, మా యమ్మ సాయంత్రం ఆరైతే వాకిట్లో నిలబడి దారి చూసే అవసరం లేకుండా. దాన్ని ఫెయిల్ అంటే నేను ఒప్పుకోను.

1969లో ఎల్ సాల్వడార్, హోండురాస్ కొట్టుకున్నాయి, ఫుట్‌బాల్ యుద్ధం అంటారు, అసలు కారణం భూమి, వలస. జులై 14న మొదలైతే అమెరికా ఖండపు దేశాల సంస్థ ఓఏఎస్ నాలుగైదు రోజుల్లో కాల్పులు ఆపించింది, ఆంక్షలు పెడతామని గట్టిగా చెప్తే ఆగస్టులో సాల్వడార్ సైన్యం వెనక్కి పోయింది. శాంతి ఒప్పందం 1980లో. సరిహద్దు ఎక్కడో తేల్చింది 1992లో, అది కూడా ఓఏఎస్ కాదు, హేగ్ అంతర్జాతీయ న్యాయస్థానం. అంటే ఆపేదానికి వారం, తీరేదానికి 23 ఏండ్లు. ఆ వారం పని జరక్కుంటే మిగతా 23 ఏండ్లలో కోర్టుకు పోయేదానికి మనుషులు మిగలాల కదా.

సోమాలియా చూడండి, 2007లో ఆఫ్రికన్ యూనియన్ ఆరు నెలలకని దళాన్ని పంపింది. పేరు మార్చుకుంటా ఇప్పటికీ ఆడే ఉన్నారు. ఉగాండా, బురుండి పిల్లోళ్లు వీధి వీధి కొట్లాడితే 2011 ఆగస్టులో అల్ షబాబ్ అనే సాయుధ ముఠా రాజధాని మొగదిషు వదిలింది. వాళ్ల భత్యాలు చాలా వరకు యూరప్ దుడ్లు, 2016లో అందులో 20 శాతం కోసేసినారు. ప్రాణం ఒకరిది, దుడ్డు ఇంకొకరిది అయితే ఆ పని ఎట్లా పూర్తవుతుంది? నాకు కోపం వచ్చేది ఈడ.

గుత్తికోట

అక్కా, ఇదే నేను చెప్పలేకపోయిన మాట.

దానికి ఇంకోటి కలుపుతా, కూటమిలో పెద్దోడికి ఇష్టం లేకుంటే ఏ సంస్థా కదలదు. రష్యా నడిపే సైనిక కూటమి సీఎస్టీఓ చూడండి, 2022 జనవరిలో కజకిస్తాన్‌లో అల్లర్లు అయితే అడిగిన వెంటనే సైన్యం దిగింది, రెండు వారాల్లో పని ముగించుకుని పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సభ్యదేశం ఆర్మేనియా భూమి మీద అజర్‌బైజాన్ దాడి చేస్తే పరిశీలన బృందాన్ని పంపినారు, అంతే. 2024లో ఆర్మేనియా ఆ కూటమిలో పాల్గొనడమే ఆపేసింది. అజర్‌బైజాన్ లోపల ఆర్మేనియన్లు ఉండిన నాగోర్నో కరబఖ్ మీద యూరప్ భద్రతా సంస్థ ఓఎస్‌సీఈ పెట్టిన మిన్స్క్ గ్రూపు 1992 నుంచి కూర్చున్యా తేలలేదు, చివరికి 2023 సెప్టెంబర్‌లో ఒక్కరోజులో తుపాకీ తేల్చింది, లక్ష మంది ఆర్మేనియన్లు ఇండ్లు వదిలిపోయినారు. ఇది ఆపడం కూడా కాదు, ముప్పై ఏండ్లు మూత పెట్టి కూర్చోవడం. దీన్ని మాత్రం నేను వెనకేసుకురాను.

కేసీకెనాల్_గట్టు

పెన్నేటి పిల్లా, మీ ఊరి సంగతి రెండుసార్లు చదివినా. ఒక్క ప్రశ్న, మీ ఊర్లో పికెట్ ఉండె కదా, అది పెద్దమనుషులది కాదు, ప్రభుత్వానిది. థాయ్–కంబోడియా దగ్గర కూడా జులైలో మలేషియా పిలుపు ఒక్కటే పని చేయలేదు, ఆపకుంటే సుంకాల ఒప్పందం లేదని ట్రంప్ ఇద్దరికీ చెప్పినాడు.

పెన్నేటి_పిల్ల

నిజమే అన్నా, పికెట్ లేకుంటే రాజీ నిలిచేది కాదు. కానీ ఉట్టి పికెట్ అంతకు ముందు కూడా రెండుసార్లు పెట్టినారు, ఎత్తేసిన నెలకే బాంబులు పడినాయి. రెండూ కావాల. చార్టర్లు మారవు అన్నట్టు రాసినారు, అది ఒప్పుకోను. ఆఫ్రికాలో 1963 నాటి పాత సంస్థ ఒకరి ఇంటి విషయంలో ఇంకొకరు వేలు పెట్టకూడదనేది. 1994లో రువాండా మారణకాండ చూసినాక, 2002లో ఆఫ్రికన్ యూనియన్‌గా మారినప్పుడు, జాతి నిర్మూలన లాంటివి జరిగితే జోక్యం చేసుకునే హక్కు 4వ అధికరణంలోనే రాసుకున్నారు. సార్క్‌లో ఎందుకు మార్చకూడదు?

కేసీకెనాల్_గట్టు

మార్చేదానికి మనమే ఒప్పుకోం తల్లీ. 1972 సిమ్లా ఒప్పందం నుంచి మన దేశం పట్టుదల ఒకటే, పాకిస్తాన్‌తో ఏదున్నా ఇద్దరమే కూర్చోవాల, మూడోవాడు వద్దు. అది తప్పని నేను అనడం లేదు. కాకపోతే పైన సార్క్‌ను ఓడిపోయిన సంస్థల్లో కలిపి రాసినా, అది సరిగాలేదు. ఆ పని దానికి ఎవరూ అప్పజెప్పనే లేదు, అప్పజెప్పని పనికి మార్కులు ఎట్లా కోస్తాం. మయన్మార్, నైజర్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా.

దోహా తమ్ముడూ, కువైట్ అమీర్ సంగతి క్లాసులో చెప్పుకుంటా, నీ పేరు లేకుండా. ఆ పిల్లోడికి పేజీ కొట్టేయొద్దని చెప్తా, కింద డిసెంబర్ కూడా రాసుకోమంటా. రేపు పొద్దున ఏడుకి క్లాసు, ఫుట్‌బాల్ యుద్ధం నుంచే మొదలుపెడతా.