చిన్ననాటి దెబ్బ యాభై ఏళ్ళు దాటాక ఎందుకు తిరగబెడుతుంది? మా అక్క విషయమై

బరంపురం తమ్ముడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మూడు తరాలుగా ఒడిశాలోని బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. మా అక్కకు ఇప్పుడు యాభై రెండేళ్ళు. ఆమె తొమ్మిదో ఏట మా అమ్మ పురిటిలో పోయింది. నాన్న కొట్టు చూసుకోవలసి రావడంతో అక్క బడి మానేసి వంట పనిలోకి దిగింది. గంజి వార్చడానికి తపేలా ఎత్తే బలం చాలక, రెండో పక్క మసిగుడ్డతో నన్ను పట్టుకోమనేది. అప్పటికి నాకు ఏడేళ్ళు.

పెళ్ళయ్యాక బావ సూరత్ మరమగ్గాల్లో పనికి వెళ్ళి ఏడాదికొకసారి వచ్చేవాడు. 1999 అక్టోబరు 17 తుపానులో చంటిబిడ్డతో ఒంటరిగా ఉంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇంటి పైరేకులు లేచిపోతుంటే, రుబ్బురోలు పొత్రాన్ని తలుపుకు అడ్డంపెట్టి, తానూ తలుపుకు వీపు ఆనించి, పిల్లలిద్దరినీ ఒడిలోకి లాక్కుని తెల్లవార్లూ కూర్చుంది. 2021లో బావ కరోనాతో ఆసుపత్రిలోనే పోయాడు. శవం ఇంటికి రాలేదు, కర్మలూ సరిగా జరగలేదు. అప్పుడు కూడా అక్క గట్టిగా ఏడ్వలేదు.

అటువంటి మనిషి, నిరుడు కూతురి పెళ్ళి చేసి పంపిన నెల నుంచి నిద్ర లేదంటోంది, గుండె జారిపోతోందంటోంది, అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. దసరా దగ్గరపడితే రోజూ రాత్రి ఆ పొత్రాన్ని దొర్లించుకుంటూ తలుపు దగ్గరికి చేరుస్తోంది. బంధువులు జడుపన్నారు, తాయెత్తు కట్టించారు. ఎప్పుడో జరిగిన వాటికి ఇప్పటి ఈ స్థితికి నిజంగా సంబంధం ఉంటుందా? ఉంటే, కష్టాలన్నీ గట్టెక్కిన తరువాతనే ఎందుకు బయటపడింది?

మహేంద్రతనయ ఒడ్డు (జవాబు)

తమ్ముడూ, నేను పర్లాకిమిడిలో ఉంటాను. మానసిక వైద్య విభాగంలో నర్సుగా పనిచేసి విరమించాను. మీ అక్కగారిని చూడకుండా రోగం పేరు చెప్పడం తప్పు కనుక, నాకు తెలిసినంతవరకు ఈ సంబంధం ఎలా ఏర్పడుతుందో మాత్రం రాస్తాను.

ఆపద ఎదురైనప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం గంట కొడుతుంది, అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును విడుదల చేస్తాయి, ఆపద తీరగానే మెదడులోనే హిప్పోకాంపస్ వంటి భాగాలు ఆ గంటను ఆపుతాయి. ఎదిగే వయసులో ఈ గంట మాటిమాటికీ మోగుతూ, పక్కన ఊరడించే పెద్దదిక్కు లేకపోతే, ఆపే యంత్రాంగం బలహీనపడి, మోగే యంత్రాంగం చురుకెక్కుతుంది. ఫలితంగా తరువాతి కాలంలో ఇతరులను పెద్దగా కదిలించని కష్టం కూడా అటువంటివారిని కుంగదీయగలదు. అంటే బాల్యపు దెబ్బ దానికదే వ్యాధి కాదు. తరువాతి దెబ్బలు ఎంత లోతుగా దిగుతాయో అది చాలావరకు నిర్ణయిస్తుంది.

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా బృందం ప్రచురించిన పరిశోధనలో, హింస, ఇంట్లో తాగుడు వంటి బాల్య కష్టాలలో నాలుగు లేక అంతకు మించిన రకాలను అనుభవించినవారికి, ఏదీ లేనివారితో పోలిస్తే మద్యవ్యసనం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్ల వరకు ఎక్కువగా కనిపించాయి. మీ ప్రశ్నకు అంతకంటే దగ్గరగా వచ్చేది లండన్‌లో స్త్రీలపై చేసి జార్జి బ్రౌన్, టిరిల్ హారిస్ 1978లో ప్రచురించిన అధ్యయనం. పదకొండేళ్ళలోపు తల్లిని పోగొట్టుకోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి లేకపోవడం అనేవి, పెద్దయ్యాక ఒక కష్టం వచ్చిపడినప్పుడు కుంగుబాటుకు దారితీసే కారణాలలో ఉన్నాయని వారు గుర్తించారు. తల్లి పోవడం కంటే ఆ తరువాత ఆ పిల్లకు దొరికిన ఆదరణ ఎంతన్నదే ముఖ్యమని ఆ బృందమే తరువాత తేల్చింది. మసిగుడ్డ పట్టుకున్న ఏడేళ్ళ తమ్ముడు తప్ప మీ అక్కగారికి ఎవరున్నారో ఆలోచించండి.

ఇక "ఇప్పుడే ఎందుకు" అన్నది. మనవైపు ఇటువంటివారిని చూసి నాకు కలిగిన అభిప్రాయం ఏమంటే, బాధ్యత ఉన్నంతకాలం అదే వారికి ఊతకర్ర. బిడ్డకు అన్నం పెట్టాలి, ఫీజు కట్టాలి, పెళ్ళి చేయాలి అన్న తొందరలో దుఃఖానికి చోటుండదు. కూతురు గడప దాటిన రోజున ఊతకర్ర పోయింది. పైగా అమ్మ, బావ, కూతురు అందరూ వెళ్ళిపోయేవారే అన్న పాత లెక్క మళ్ళీ నిజమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ తాజా కూర్పులో, ఆరు నెలలు దాటినా విడువకుండా బతుకును స్తంభింపజేసే శోకాన్ని ప్రత్యేక రుగ్మతగా చేర్చారు. వైద్యుడికి బావగారి చావు జరిగిన తీరును తప్పక చెప్పండి.

పొత్రాన్ని మాత్రం బలవంతంగా తీసివేయకండి. దానిని క్రమంగా విడవడం చికిత్సలో జరగవలసిన పని. ఒకటి గమనించారా? 1999 అక్టోబరు 17, 2013 ఫైలిన్, 2018లో తిత్లీ, ఈ మూడూ దసరా నవరాత్రులలోనే వచ్చాయి. ఆవిడ ఒళ్ళు పంచాంగం మరచిపోలేదు.

గుణుపురం మాస్టారు (జవాబు)

పై జవాబుతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలచాను. ఈ మధ్య ప్రతి చికాకుకూ బాల్యాన్నే దోషిని చేసే అలవాటు పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో పలు దేశాల్లో జరిగిన సర్వేల ప్రకారం సుమారు 70 శాతం మంది జీవితంలో ఏదో ఒక తీవ్ర ఆఘాతాన్ని చవిచూస్తారు. వారిలో అధికులకు ఆఘాతానంతర మానసిక వ్యాధి రాదు. నాలుగు రెట్లు, పన్నెండు రెట్లు అన్నవి జనసమూహాల లెక్కలే గాని, ఒక మనిషి నుదుటి రాత కావు. పెద్దయ్యాక గుర్తుచేసుకుని చెప్పే బాల్యానికీ, చిన్నప్పుడే నమోదు చేసిన బాల్యానికీ మధ్య పొంతన తక్కువగానే ఉంటుందని కూడా పరిశోధకులు చూపారు.

యాభై రెండేళ్ళ స్త్రీకి నిద్ర చెడి గుండెదడ వస్తే ముందు థైరాయిడ్, రక్తహీనత, ముట్లుడిగే దశ, గుండె పరీక్షలు చేయించవలసిందే. మా ఇంట్లోనే ఒకరిని రెండేళ్ళు "మనోవేదన" అని ఓదార్చాం. చివరకు థైరాయిడ్ అని తేలింది. అలాగని మీ అక్కగారి కథను కొట్టివేయడం లేదు. రెండూ ఒకే ఒంట్లో ఉండవచ్చు.

వంశధార కోడలు (జవాబు)

నేను శ్రీకాకుళం నుంచి రాయగడ జిల్లాకు కోడలిగా వచ్చినదాన్ని. పెద్దలు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. మా అత్తగారు బజారులో ఒడియా గడగడా మాట్లాడతారు, కాని ఆవిడకు బెంగ పుట్టేది తెలుగులోనే. ఒక ఆసుపత్రిలో ఆవిడ "గుండెల్లో గుబులుగా ఉంది, కడుపులో దేవినట్టుంది" అంటే, పక్కనున్న కొడుకు దానిని ఒడియాలో "ఛాతీలో మంట" అని చెప్పాడు. గ్యాస్ మాత్రలు రాసి పంపించారు. కొడుకు ముందు తన భర్త కొట్టిన రోజుల గురించి ఏ తల్లి చెబుతుంది? మరోసారి నేనొక్కదాన్నే వెంట వెళ్ళినప్పుడు అరగంట చెప్పారు.

అందువల్ల మీరు కూడా వైద్యుడి గదిలో అక్కగారి తరఫున మాట్లాడకండి, తెలుగు తెలిసిన స్త్రీని తోడు పంపండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణిలో ఉచితంగా మాట్లాడవచ్చు. అక్కడ తెలుగును ఎంచుకునే వీలుంది. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడైనా ఆవిడ నోట వస్తే మాత్రం ఫోనుతో ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

బరంపురం తమ్ముడు (ప్రశ్నించినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పిన పరీక్షలు చేయించాం. థైరాయిడ్ సరిగానే ఉంది, రక్తం తక్కువగా ఉందన్నారు, మాత్రలు మొదలుపెట్టాం. నిన్న నా భార్యను తోడిచ్చి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాను. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. గంట తరువాత వచ్చి, దారిలో అక్క నాతో అన్న మాట ఒక్కటే: "ఆ తపేలా నీ చేతి మీద ఒలికింది గుర్తుందా? ఇన్నేళ్ళూ నేనే కాల్చాననుకున్నాను." నా మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది గాని, అది ఆవిడ మనసులో ఉన్నదని నాకు తెలియదు.

మహేంద్రతనయ గారిని ఒకటి అడగాలి. ఈ దసరాకు వారం సెలవు పెట్టి అక్క ఇంట్లో ఉండాలనుకుంటున్నాను. రాత్రి ఆమె పొత్రం దొర్లించేటప్పుడు నేను చేయి వేయవచ్చునా, లేక చూసీ చూడనట్టు ఉండాలా?

మహేంద్రతనయ ఒడ్డు (జవాబు)

"రెండో పక్క నేను పట్టుకోనా?" అని అడగండి. వద్దంటే పక్కనే కూర్చోండి.