ఈ వారం సమస్య: పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

నిర్వాహకుడు (కర్నూలు):
పోయిన వారం నేను దత్తపది (ఇచ్చిన మాటలు వచ్చేలా పద్యం రాయడం) ఇచ్చి ఊరెళ్ళి వచ్చేసరికి మీరంతా పద్యాన్ని గాలికొదిలేసి స్పీకర్ల మీద పడ్డారు. కడప తమ్ముడు పాపం ఒక్క మాట అడిగాడు: 12,000 రూపాయల్లో ఇంట్లోకి మంచి స్టీరియో స్పీకర్లు ఏవి కొనాలని. దానికి ఇంత రభసా! సరే, గొడవ ఎక్కడుందో పద్యం కూడా అక్కడే పుట్టనీ. ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడూ మీరు పూరించాలి.

పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

మోగని పెట్టెలో పాట ఎలా పెరిగిందో తేల్చాలి. ఆ తమ్ముడికి పనికొచ్చే ముక్క ఒకటైనా పద్యంలోనో, కిందనో ఉండాలి. బ్రాండ్ల పేర్లు మాత్రం ఎత్తకండి, దండం పెడతాను.

ఆదోని అన్న:
వేలితోడఁ గొట్టి వినితి నిశ్శబ్దమే
దళసరైన చెక్క దాని గుణము
పలుచ డబ్బ వీడి బరువైన దానిఁ దే
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

పాట పాడాల్సింది కోను (లోతైన శబ్దాలు పలికేది), ట్వీటరు (సన్నని శబ్దాలు పలికేది). పెట్టె కూడా వాటితో కలిసి పాడితే గొంతు ముద్దగా వస్తుంది. షాపులో పక్క గోడ మీద వేలి కణుపుతో తట్టి చూడండి. "టక్" అని ఆగిపోతే మేలు, "డబ్‌డబ్" అని ఖాళీ డబ్బాలా పలికితే వద్దు. అదే ధరలో పలుచని ప్లాస్టిక్ కంటే మందమైన ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) పెట్టె నయం.

నిర్వాహకుడు:
మొదటి బంతికే సిక్సర్ కొట్టావన్నా. నేను సమస్య ఇచ్చేటప్పుడు మనసులో ఉన్న అర్థం ఇదే. మోతలో కంచుకీ బంగారానికీ తేడా బడిలో నేర్చుకున్నాం, స్పీకర్ల షాపుకి వెళ్ళేసరికి మర్చిపోతాం. ఒక్క మెలిక: "దానిఁ దే" అంటే "తేఁగా" అని తట్టడానికి నాకు రెండుసార్లు చదవాల్సి వచ్చింది. "బరువైనదే తేఁగ" అంటే గణాలు చెడవు, అర్థం తిన్నగా వస్తుంది.

అనంతపురం కొత్త సభ్యుడు:
నమస్తే సార్. నాకో అనుమానం. సమస్యలో "మ్రో" సంయుక్తం కదా, దాని ముందున్న "ట్టె" గురువు అయిపోదా? అప్పుడు మొదటి గణమే తప్పు కదా?

నిర్వాహకుడు:
మంచి ప్రశ్న. పెట్టె వేరే మాట, మ్రోగు వేరే మాట, రెండూ సమాసంగా అతుక్కోలేదు. తెలుగు మాటల్లో ఇలాంటి చోట ముందు అక్షరం లఘువుగానే ఉంటుంది. "పెట్టె" హగణమే (గురువు, లఘువు). పద్యం కూడా పెట్టు నాయనా, అనుమానంతోనే సరిపెట్టుకోకు.

అనంతపురం కొత్త సభ్యుడు:
వేయి వాట్లటంచుఁ జెప్పిన కొనుకొంటి
నమ్మి పోసినాను నాల్గు వేలు
ఇరువదైనఁ జాలు నిజమైన వాట్లున్న
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

నా సొంత అనుభవమే సార్. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో వేయి వాట్లు అని రాసుంది.

నిర్వాహకుడు:
గణాలు సరిపోయాయి, మొదటి ప్రయత్నానికి అదే గొప్ప. యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం) రెండు చోట్ల జారింది. మొదటి పాదంలో "వే"కి "జె" కుదరదు. "వేయి వాట్లటంచు విక్రేత చెప్పఁగా" అని మార్చు. మూడో పాదంలో "ఇ"కి "నిజ"లోని "ని" చెల్లుతుందనుకున్నావు. ఆ "ని"లో నకారం సంధివల్ల వచ్చింది కాదు, మాటలోనే ఉన్న హల్లు. కాబట్టి చెల్లదు. "నికరమైన వాట్లు నిండు పాతికె చాలు" అంటే యతి కుదురుతుంది. అప్పుడు కూడా నాలుగో పాదం దేనికీ అతక్కుండా గాల్లో వేలాడుతూనే ఉంటుంది. అది యతి కంటే పెద్ద దోషం.

ఆదోని అన్న:
వాట్ల సంగతి నేను చెప్తా. వేయి అన్నది పీఎమ్‌పీఓ (క్షణకాలపు గరిష్ఠం) లెక్క, అమ్ముకోవడానికి వేసుకునేది. చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు). దానికంటే ముందు సెన్సిటివిటీ చూడు, అంటే ఇచ్చిన వాట్లకి ఎంత శబ్దం చేస్తుందో. ఒక వాటుకి ఒక మీటరు దూరంలో 88 డెసిబెల్స్ (శబ్దపు కొలత) ఇచ్చే స్పీకరుకి పాతిక వాట్లు ఇస్తే దాదాపు 102 వస్తుంది. మన హాలుకి అంతకంటే ఏం కావాలి? వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 85 ఇచ్చే స్పీకరుతో అదే శబ్దం కావాలంటే రెండింతలు వాట్లు పోయాలి.

అనంతపురం కొత్త సభ్యుడు:
సార్, అతకలేదన్నారు గానీ నా పెట్టె నిజంగానే మోగడం మానేసింది. ఉగాదికి ఫుల్ సౌండ్ పెడితే ట్వీటర్ కాలింది.

నిర్వాహకుడు:
మరి ఆ మాట పద్యంలో పెట్టవేం?

అనంతపురం కొత్త సభ్యుడు:
వేయి వాట్లటంచు విక్రేత చెప్పఁగా
నమ్మి పోసినాను నాల్గు వేలు
మొన్న పెద్దగాను మ్రోయించఁ గాలెను
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

పాట పెరిగింది పక్కింటాయనకి. ఇప్పుడు ఆయన రేడియో ఆయనకి వినిపిస్తోంది.

నిర్వాహకుడు:
శభాష్! ఇప్పుడు అతికింది. (శబ్దం పెంచే చిన్న ఆంప్‌ని గొంతు చించుకునేలా పెంచితే శబ్దపు అలల తలలు తెగిపోతాయి. ఆ దెబ్బ తగిలేది ట్వీటరుకే.)

బేతంచెర్ల మామ:
నాపరాయి మీద నాదమ్ము తుళ్ళంగ
పరచినాఁడ నింటఁ బాత బొంత
గదియె సగము పెట్టె. గది మాట వినెనయ్య
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

మా ఊళ్ళో నేలకీ బండే, అరుగుకీ బండే. చప్పట్లు కొడితే గది తిరిగి కొడుతుంది. ఎంత మంచి స్పీకరు తెచ్చినా అందులో మాట స్పష్టంగా వినపడదు. మనిషికీ పెట్టెకీ మధ్య నేల మీద మందంగా ఏదైనా పరిచి చూడండి, రూపాయి ఖర్చు లేదు. ఆ బండే ఇంకోచోట పనికొస్తుంది. ముక్క కోయించి, కింద రబ్బరు పెట్టి, స్పీకరుకి పీటగా వాడండి, కదలదు. ట్వీటరు మాత్రం కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో ఉండాలి.

నిర్వాహకుడు:
"గదియె సగము పెట్టె." మామా, ఈ ఒక్క ముక్కకి నా ఓటు. పెట్టె రెండుసార్లు వచ్చిందని ఎవరైనా పునరుక్తి అంటే ఒప్పుకోను, మొదటిది పోలిక.

ప్రొద్దుటూరు అక్క:
మూలఁ బెట్టినపుడు ముక్కాలు హోరాయె
గోడ విడువ మూర కుదుటఁ బడియె
గుమ్ముగుమ్ము మాని గొంతు తేటగ వచ్చె
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

మూర జాగా లేనివాళ్ళు, వెనక రంధ్రమున్న పెట్టె అయితే అందులో ఒక మేజోడు (సాక్సు) కుక్కండి. ఉతికినది.

నిర్వాహకుడు:
మేజోడు మీద ఇంకో పద్యం రాయాలక్కా.

కడప తమ్ముడు (అడిగినవాణ్ణి నేనే):
ఫ్యాను నిలిచిపోయె పవరు లేదింటిలో
వేడికింటి బయట వేపనీడ
అమ్మ నోట వచ్చె నన్నమయ్య పదము
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

ఆదోని అన్న:
బాగుంది తమ్ముడూ, కానీ షరతు తప్పావు. ఇందులో స్పీకరు ఎక్కడుంది?

కడప తమ్ముడు:
లేదన్నా. నిన్న మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు జరిగింది రాశాను, అంతే. ఆ పాట ఫోన్‌లో రికార్డు చేశాను.

ప్రొద్దుటూరు అక్క:
అయితే షరతు తప్పలేదు! ఆ రికార్డింగే షాపుకి తీసుకుపో. వాళ్ళు వాళ్ళకి అనుకూలమైన పాటే వినిపిస్తారు, అందులో డప్పు మోత తప్ప ఏమీ తెలియదు. రోజూ వినే గొంతైతే తేడా వెంటనే దొరుకుతుంది. రెండు జతల శబ్దం సమానంగా పెట్టమను, కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించి మోసపోతాం.

నిర్వాహకుడు:
పవరు, ఫ్యాను పద్యంలోకి వచ్చినా నాకు అభ్యంతరం లేదు, మనం మాట్లాడేదే అది. ఈ వారం నాకు బాగా నచ్చింది ఇదే. మామ రెండోవాడు. నాదీ ఒకటి, బహుమతి లెక్కలోకి రాదు. చవక అయిదు పెట్టెల సెట్టు కొని తల పట్టుకున్న రోజుల్లోది.

అయిదు పెట్టెలుండ నన్నిట రొదయాయె
మూఁటి నోరు నొక్కి మూలఁ బెడితి
జంట మిగిలి యెదుటఁ జక్కఁగాఁ బలికెను
పెట్టె మ్రోగకున్నఁ బెరిగె పాట

అదే డబ్బు అయిదింటికి పంచేకంటే రెండింటి మీద పెట్టడం మేలు తమ్ముడూ. ఆంప్ లోపలే ఉన్న జత అయితే 12,000లో వేరే ఆంప్ కొనే పని ఉండదు.

కడప తమ్ముడు (ఆదివారం సాయంత్రం):
అమ్మని కూడా తీసుకెళ్ళాను. మూడు జతలు విన్నాం. మొదటిది వేలితో తట్టగానే పక్కన పెట్టేశాం. రెండోది వింటూ అమ్మ "ఇది నా గొంతు కాదురా, జలుబు చేసినదాని గొంతు" అంది. మూడోది మొదలైనప్పుడు ఏమీ అనలేదు, సన్నగా తాళం వేసింది. 9,800. మిగిలినదాంట్లో రాగి వైరు తీసుకున్నా, రాగిరేకుల మీద పదాలు చెక్కించిన తాళ్ళపాక కవుల ఊరి పక్కవాళ్ళం, రాగిపూత అల్యూమినియం కొంటే బాగుండదని. ఇంటికొచ్చి బిగిస్తే బేస్ మాయం! గుండె గుభేలుమంది. చూస్తే ఒక పెట్టెకి ప్లస్, మైనస్ తిరగేశాను. మార్చగానే వచ్చింది. బొంత ఇంకా వెతుకుతున్నాం మామా.