కమ్యూనిటీ కప్: అమ్మాయిల ఐడీలకు హ్యాండ్‌క్యామ్ తప్పనిసరి చేయాలా?

గాజువాక గన్నర్
పబ్‌జీకి ఇండియా వెర్షన్ అయిన బీజీఎంఐ షూటింగ్ గేమ్‌లో మన కప్‌కి రిజిస్ట్రేషన్లు మొదలయ్యాయి కాబట్టి ఇది ఇప్పుడే తేల్చుకుందాం. ఈసారి లిస్టులో అమ్మాయిల పేర్లతో ఐడీలు బాగా పెరిగాయి. సంతోషమే. కానీ వాటిలో ఎన్ని అమ్మాయిలే ఆడుతున్నవి, ఎన్ని వెనకాల అన్నయ్యో బాయ్‌ఫ్రెండో ఆడిపెడుతున్నవి? ఐడీ ఒకరిది, వేళ్లు ఇంకొకరివి. ప్రైజ్ మనీ ఉన్న కప్‌లో ఇది కుదరదు. అమ్మాయిల ఐడీలు హ్యాండ్‌క్యామ్ పెట్టాలి, ఫోన్ మీద చేతులు కనపడాలి. నిజంగా ఆడేవాళ్లకు ఇందులో నష్టమేంటి?

ఎల్లీ కేసు తెలియనివాళ్ల కోసం: 2018 చివర్లో అమెరికాలో, ఓవర్‌వాచ్ అనే షూటింగ్ గేమ్ ఆడే సెకండ్ విండ్ అనే టీమ్ 'ఎల్లీ' అనే కొత్త ప్లేయర్‌ని తీసుకుంది. అమ్మాయి అనే చాలామంది నమ్మారు. కొందరు మాత్రం అనుమానించారు. చివరికి ఎల్లీ అనేది కల్పించిన మనిషి అని గేమ్ తయారు చేసిన బ్లిజార్డే తేల్చింది. ఆ పేరు వెనకున్నది 'పనిషర్' అనే మగ ప్లేయర్ అని బయటపడింది. అలాంటిది మన దగ్గర జరగకూడదు.

గైరో గోపి
న్యాయమైన మాట. నా ఓటు రూల్‌కే.

పొచింకి పిల్ల
@గాజువాక గన్నర్ గారూ, ఎల్లీ కథ చెప్పారు. గెగురి కథ ఎందుకు వదిలేశారు? అదే గేమ్, రెండున్నరేళ్ల ముందు.

2016లో కొరియాలో కిమ్ సె-యోన్ అనే టీనేజ్ అమ్మాయి గెగురి పేరుతో ఓవర్‌వాచ్‌లో జార్యా అనే క్యారెక్టర్‌తో ఆడేది. ఎయిమ్ ఎంత బాగుండేదంటే ఓడిపోయిన ప్రో ప్లేయర్లు హ్యాక్ వాడుతోందన్నారు. బెదిరింపులు కూడా వచ్చాయి. హ్యాక్ కాదని తేలితే గేమ్ వదిలేస్తామని కొందరు పందెం కట్టారు. హ్యాక్ లేదని బ్లిజార్డ్ చెప్పాక కూడా ఆ అమ్మాయి స్టూడియోకి వచ్చి, కీబోర్డు మీద, మౌస్ మీద కెమెరా పెట్టించుకుని, లైవ్‌లో ఆడి చూపించాల్సి వచ్చింది. మొహానికి మాస్క్ వేసుకుని కూర్చుంది. అదే ఆట ఆడింది, అదే ఎయిమ్. పందెం కట్టినవాళ్లలో ఇద్దరు తప్పుకున్నారు.

మీరు అడుగుతున్న హ్యాండ్‌క్యామ్ అదే. ఆ అమ్మాయి చేసిన తప్పేంటి? బాగా ఆడటమే.

గాజువాక గన్నర్
చూశారా, మీరే చెప్పారు. కెమెరా పెట్టింది, నిరూపించుకుంది, విషయం అయిపోయింది. గెగురి కేసు నా రూల్‌కే బలం. ఇంతకీ ఎల్లీ సంగతి మాట్లాడలేదు.

పొచింకి పిల్ల
విషయం ఎక్కడ అయిపోయింది? 2018లో ఓవర్‌వాచ్ లీగ్ మొదలైనప్పుడు 12 టీమ్‌లలో ఒక్క అమ్మాయి కూడా లేదు. గెగురిని ఎందుకు తీసుకోలేదని విలేకరులు అడిగితే ఒక టీమ్ వాళ్లు చెప్పిన కారణాల్లో ఇదొకటి: తీసుకుంటే పబ్లిసిటీ స్టంట్ అంటారని. అంటే కెమెరా ముందు ఆడి చూపించాక కూడా అనుమానం పోలేదు. తర్వాత షాంఘై డ్రాగన్స్ తీసుకుంది, ఆ లీగ్‌లో ఆడిన మొదటి అమ్మాయి అయింది.

ఇక ఎల్లీ. అక్కడ మోసం చేసింది మగవాడు. శిక్ష మాత్రం అమ్మాయిలకా?

గాజువాక గన్నర్
శిక్ష అనకండి, చెకింగ్. మగవాడు అమ్మాయి పేరు పెట్టుకుని వస్తాడు కాబట్టే అమ్మాయిల ఐడీలు చెక్ చేయాలి. లాజిక్ సింపుల్.

నెట్ సెంటర్ అన్న
తమ్ముడూ, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కౌంటర్-స్ట్రైక్ 1.6 ఆడిన కాలం వాడిని. ఐడీ ఇచ్చి ఆడించుకోవడం నీకూ తెలుసు, నాకూ తెలుసు. ర్యాంక్ పుష్ కోసం కాంకరర్ (టాప్ ర్యాంక్) ప్లేయర్‌కి డబ్బులిచ్చి ఆడించుకునేది ఎవరు? నేను చూసినంతవరకు ఎక్కువగా అబ్బాయిలే. రూల్ పెడితే అందరికీ పెట్టు, లేదా ఎవరికీ వద్దు. ఒకటి మాత్రం చెప్తా, కెమెరా పెడితే నోళ్లు మూతపడతాయన్నది నిజం. మన కళ్ల ముందు ఆడితే ఎవరేం అంటారు?

గుంటూరు గుర్రం
@నెట్ సెంటర్ అన్న, కళ్ల ముందు ఆడితే నోళ్లు మూతపడవన్నా. నేను చెస్ మనిషిని. చెస్‌లో ఎదురుగా కూర్చునే ఆడతారు, వేళ్లూ మొహమూ అన్నీ కనపడతాయి. 2024 జనవరిలో నెదర్లాండ్స్‌లో టాటా స్టీల్ టోర్నీ అయ్యాక దివ్యా దేశ్‌ముఖ్ ఏం రాసిందో చదవండి. జనం తన ఆట గురించి కాక బట్టలు, జుట్టు, యాస గురించే మాట్లాడారని బాధపడింది. ఆ మరుసటి ఏడాది మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో మన కోనేరు హంపిని ఓడించి గ్రాండ్‌మాస్టర్ అయింది. ఎత్తులన్నీ బోర్డు మీదే ఉన్నా చూసేవాడికి జుట్టు కనిపిస్తే కెమెరా ఏం చేస్తుంది?

గైరో గోపి
చెస్‌లో ఆడవాళ్లకు వేరే టైటిలే ఉంది కదా. విమెన్ గ్రాండ్‌మాస్టర్‌కి 2300 రేటింగ్ చాలు, మగవాళ్లకైతే 2500 కావాలి. దానికేమంటారు?

గుంటూరు గుర్రం
2500 గీత మగవాళ్లది కాదు, గ్రాండ్‌మాస్టర్ టైటిల్‌ది. అది అందరికీ ఒకటే. హంపి 2002లో, 15 ఏళ్లకే ఆ టైటిల్ తెచ్చుకుంది. 2300ది విడిగా ఇచ్చే టైటిల్. తెలుసుకుని మాట్లాడు.

గైరో గోపి
అదే అంటున్నా, విడిగా ఎందుకు?

మాడరేటర్
చెస్ రేటింగ్‌కి వేరే థ్రెడ్ పెట్టుకోండి. ఇక్కడ కప్ రూల్ గురించే.

లూట్ లలిత
అమ్మాయిలందరి తరఫునా ఒక్కరే మాట్లాడుతున్నారు కాబట్టి నా మాటా చెప్తాను. నేను స్ట్రీమ్ చేస్తాను, హ్యాండ్‌క్యామ్ పెట్టే ఆడతాను. నాలుగు వేళ్లతో ఆడే ఫోర్ ఫింగర్ క్లా చూపించాక 'ఎవరు ఆడుతున్నారు' అనే కామెంట్లు తగ్గాయి. నాకు ఇబ్బంది లేదు. నాకు కావాల్సింది ఇంకొకటి: అమ్మాయిలకు విడిగా ఒక లాబీ, అంటే అమ్మాయిలే ఆడే మ్యాచ్ రూమ్. వాలరెంట్ అనే షూటింగ్ గేమ్‌లో 2021 నుంచి గేమ్ ఛేంజర్స్ పేరుతో ఆడవాళ్ల టోర్నీలు జరుగుతున్నాయి. కొత్తగా వచ్చేవాళ్లు భయం లేకుండా నేర్చుకునే చోటు అది.

పొచింకి పిల్ల
లలితా, నువ్వు ఇష్టపడి పెట్టుకున్న కెమెరాకి, పెట్టకపోతే స్లాట్ ఇచ్చేది లేదనే కెమెరాకి తేడా ఉంది. విడి లాబీ నాకు వద్దు. అక్కడ గెలిస్తే 'అమ్మాయిల్లో గెలిచింది' అంటారు.

లూట్ లలిత
అననీ అక్కా. ముందు ఆడేవాళ్లు పెరగాలి కదా. నువ్వు ఇప్పటికే నేర్చుకున్నావు, నీకు అవసరం లేదు. ఇంటర్ చదివే పిల్ల మన మిక్స్‌డ్ లాబీలో మైక్ ఆన్ చేస్తే ఏం వింటుందో నీకు తెలియదా?

పొచింకి పిల్ల
తెలుసు. అందుకే చాలాకాలం నేను మగ పేరుతో ఆడాను, మైక్ ఆఫ్ చేసి. ఒకసారి మైక్ ఆన్ చేస్తే ముందు 'ఇన్‌స్టా ఐడీ ఇవ్వు', ఇవ్వకపోతే 'ఫోన్ మీ తమ్ముడికివ్వు'. మైక్ లేకుండా ఐజీఎల్, అంటే ఆటలో టీమ్‌ని నడిపే లీడర్ పని, చేయలేం. జోన్ ఎటు పడుతోంది, ఏ కాంపౌండ్ పట్టుకోవాలి, ఎప్పుడు రొటేట్ అవ్వాలి, అన్నీ గొంతుతో చెప్పాల్సిందే. అందుకే అమ్మాయిలు సపోర్ట్ రోల్‌లో ఉండిపోతారు. తర్వాత ఇదే ఫోరమ్‌లో 'అమ్మాయిల్లో ఒక్క మంచి ఐజీఎల్ కూడా లేదు' అని థ్రెడ్ వస్తుంది. నోరు నొక్కింది ఎవరో అందులో రాయరు.

గాజువాక గన్నర్
మీరు టాపిక్ మారుస్తున్నారు. మైక్ వేరు, కెమెరా వేరు. అడిగినదానికి జవాబు చెప్పండి: నిజంగా మీరే ఆడుతుంటే చేతులు చూపించడానికి ఏం అడ్డం? చూపించనంటే అనుమానం వస్తుంది కదా.

పొచింకి పిల్ల
చెప్తాను, వినండి. మాది చిన్న ఊరు. ఒకప్పుడు ఇంకో చిన్న కప్‌లో హ్యాండ్‌క్యామ్ పెట్టాను. నా చేతులు, గోరింటాకు, వెనక మా ఇంటి గోడ. ఎవరో ఆ క్లిప్ కోసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు. కింద రాసిన మాటలు ఇక్కడ రాయను. మా బంధువుల అబ్బాయి గోడ చూసి గుర్తుపట్టాడు. ఇంట్లో ఫోన్ లాక్కున్నారు. మళ్లీ ఆడటానికి ఉద్యోగం వచ్చి హాస్టల్‌కి మారేదాకా ఆగాల్సి వచ్చింది. మీ చేతుల క్లిప్ తిరిగితే ఎవరూ పట్టించుకోరు. నాకు ఆటే పోయింది. ఇదీ అడ్డం.

నెట్ సెంటర్ అన్న
అమ్మా, ఇది ముందే చెప్పి ఉంటే నేను కెమెరా గురించి ఆ మాట అనేవాడిని కాదు.

గాజువాక గన్నర్
సారీ, అది బాధాకరం. కానీ ఒకరికి జరిగింది పట్టుకుని రూల్ ఆపలేం. బాధలు అందరికీ ఉన్నాయి. నా సంగతి ఎవరైనా అడిగారా? 2020 సెప్టెంబరులో పబ్‌జీ బ్యాన్ అయ్యింది. మళ్లీ 2021లో బీజీఎంఐ వచ్చింది, 2022 జూలైలో అదీ తీసేశారు, 2023 మేలో తిరిగొచ్చింది. ప్రతిసారీ మా నాన్న 'చెప్పానా' అన్నాడు. సప్లీలు ఉన్నాయి, చుట్టాల్లో పరువు లేదు, అయినా రాత్రిళ్లు స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఆడాను. చివరికి ఒక టీమ్ ట్రయల్స్‌కి పిలిచింది. ఫ్రాగ్స్ (కిల్స్) నావి ఎక్కువ. స్లాట్ మాత్రం ఒక అమ్మాయికి ఇచ్చి, కంటెంట్ క్రియేటర్ కూడా కావాలి, వ్యూస్ వస్తాయి అన్నారు. తను ఎవరితో ఆడించుకుందో ఇప్పటికీ నాకు తెలియదు.

గైరో గోపి
అన్నా, ఇది నాకు ఎప్పుడూ చెప్పలేదేంటి.

పొచింకి పిల్ల
ఇదన్నమాట అసలు సంగతి. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు. మీ స్లాట్ తీసుకుంది నేను కాదు. లలిత కాదు. వ్యూస్ లెక్కపెట్టుకుని మిమ్మల్ని పక్కన పెట్టింది ఆ టీమ్ యజమానులు. వాళ్లను ఒక్క మాట అనలేదు మీరు. రిజిస్టర్ చేసుకున్న పిల్లల వేళ్లు చూడాలంటున్నారు.

గాజువాక గన్నర్
నా కోపం ఎవరి మీదో మీరు చెప్పక్కర్లేదు. మేం తిట్లు తిని, చదువులు పోగొట్టుకుని ఈ ఆట నేర్చుకున్నాం. ఈ ఫోరమ్ కట్టుకుంది కూడా అలాంటివాళ్లమే. బయట ఎక్కడా విలువ లేనప్పుడు ఒకరికొకరం ఇక్కడే విలువ ఇచ్చుకున్నాం. ఇప్పుడు గేమింగ్‌కి పేరొచ్చింది, 2024లో ప్రధానమంత్రే గేమర్లను పిలిచి మాట్లాడాడు. పేరొచ్చాక వచ్చినవాళ్లు, ఏమీ పోగొట్టుకోకుండా వచ్చినవాళ్లు, మాతో సమానం అంటే నేను ఒప్పుకోను. ఇది మగ, ఆడ గొడవ కాదు.

పొచింకి పిల్ల
మగ, ఆడ కాకపోతే రూల్ అమ్మాయిలకే ఎందుకు రాశారు? నిన్న ఫోన్ కొన్న అబ్బాయిని 'నువ్వేం పోగొట్టుకున్నావు' అని ఎవరూ అడగరు.

మీరు పోగొట్టుకున్నది చిన్నది అనను. మీ నాన్న మాటలు నాకూ అర్థమవుతాయి. కానీ మీరు తిట్లు తిని నెట్ సెంటర్‌కి వెళ్లారు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. కంప్యూటర్ కొన్నప్పుడు మా అన్న గదిలో పెట్టారు, వాడు నిద్రపోయాక ఆడేదాన్ని. మీ కష్టం పక్కవాళ్లకు కనిపించింది కాబట్టి లెక్కకు వచ్చింది. నాది ఎవరికీ కనపడలేదు కాబట్టి లేదనుకుంటున్నారు. అయినా ఎంత పోగొట్టుకుంటే ఆడనిస్తారు? ఏమీ పోగొట్టుకోకుండా, ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని హాయిగా ఆడే పిల్ల వస్తే నేను సంతోషిస్తాను. అలాంటి పిల్లకు కూడా ఇక్కడ చోటుండాలి.

గాజువాక గన్నర్
ఆడటానికి ఎవరైనా రావచ్చు. గేమర్ అనిపించుకోవడానికి ఆడుకుంటే చాలదు. ఇక్కడే మీకూ నాకూ పొసగదు.

పొచింకి పిల్ల
అవును, ఇక్కడే.

నెట్ సెంటర్ అన్న
ఆ కాలం నెట్ సెంటర్ గురించి ఒక మాట. మా దగ్గరికి అమ్మాయిలు రాలేదంటే ఆట నచ్చక కాదు. మేం అరిచే బూతులు, కేబిన్లలో చూసే చూపులు అలా ఉండేవి. ఎవరైనా ప్రింటవుట్ కోసం వస్తే ఆట ఆపి అందరం తిరిగి చూసేవాళ్లం. అలాంటి చోటును కష్టపడి సంపాదించుకున్న గుడిలాగా చెప్పుకోవడం నాకు నచ్చదు తమ్ముడూ.

జెర్సీ బాబు
న్యూజెర్సీ నుంచి చదువుతున్నా. ఇక్కడ మా అమ్మాయి తరగతిలో సగం మంది ఆడపిల్లలు గేమ్స్ ఆడతారు. ఎవరూ ఇంకా ఏదీ నిరూపించమనలేదు.

లూట్ లలిత
రూల్ అందరికీ పెడితే నేను రెడీ. విడి లాబీ గురించి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

మాడరేటర్
అందరివీ చదివాను. పోయిన కప్‌లో ఐడీ ఇచ్చి ఆడించినందుకు మేం తీసేసినవన్నీ అబ్బాయిల ఐడీలే. కాబట్టి అమ్మాయిలకు మాత్రమే అనే రూల్ ఉండదు. ఫైనల్‌కి వచ్చే ప్రతి ప్లేయర్ స్క్రీన్ రికార్డింగ్ మాడరేటర్లకు పంపాలి, బయట పెట్టం. అనుమానం వస్తే, ఎవరైనా సరే, మాడరేటర్‌తో మాత్రమే వీడియో కాల్‌లో ఒక టీడీఎమ్ (చిన్న టీమ్ మ్యాచ్) ఆడి చూపించాలి. మొహం అక్కర్లేదు. లలిత అడిగిన లాబీని కప్ అయ్యాక ప్రాక్టీస్ రూమ్‌గా మొదలుపెడతాం. క్లిప్పులు బయట తిప్పినవాళ్లకు శాశ్వత బ్యాన్.

గాజువాక గన్నర్
స్క్రీన్ రికార్డింగ్‌లో వేళ్లు ఎవరివో తెలియదు. అనుమానం వచ్చాక వీడియో కాల్ అంటే, అప్పటికి మ్యాచ్ అయిపోతుంది. నా అభ్యంతరం అలాగే ఉంది. మా స్క్వాడ్ ఆడుతుంది.

పొచింకి పిల్ల
అనుమానం వస్తే అన్నారు, ఎవరికి వస్తే? ఓడిపోయిన ప్రతివాడికీ నా మీదే వస్తుంది. ఎన్ని రిపోర్టులు వస్తే కాల్ చేస్తారో, తప్పుడు రిపోర్ట్ ఇచ్చినవాడికి ఏం జరుగుతుందో అదీ రూల్‌లో రాయండి. అది రాశాక రిజిస్టర్ చేస్తాను.