మిరప కాయకుళ్లు శిలీంధ్రం జాతి తేల్చడానికి ఏ జన్యువు మేలు?

నమస్కారం. మొక్కల తెగుళ్ల విభాగంలో పీజీ చేస్తున్నాను. గుంటూరు జిల్లా పొలాల్లో కుళ్లిన మిరపకాయల నుంచి కొల్లెటోట్రైకం శిలీంధ్రాన్ని వేరుచేశాను. కొన్ని నమూనాల సిద్ధబీజాలు కొడవలిలా వంగి ఉన్నాయి. అవి ట్రంకేటం జాతి అని ఐటీఎస్ (శిలీంధ్రాల గుర్తింపుకు మామూలుగా చదివే డీఎన్ఏ భాగం) వరుస కూడా ఒప్పుకుంది. చిక్కంతా సిద్ధబీజాలు నిటారుగా ఉన్నవాటితోనే.

ఐటీఎస్‌ను బ్లాస్ట్‌లో (డేటాబేస్ వరుసలతో పోల్చే ప్రోగ్రాం) పోల్చితే సియామెన్సె, ఫ్రక్టికోలా, గ్లియోస్పోరియాయిడిస్ అనే మూడు జాతులూ దాదాపు ఒకే పోలికతో వస్తున్నాయి. గ్లియోస్పోరియాయిడిస్ సముదాయంలో (దానికి దగ్గరి జాతుల గుంపులో) 22 జాతులున్నాయని 2012లో తేల్చారు. డేటాబేస్‌లో అంతకుముందు నమోదైన పేర్లు చాలావరకు అలాగే ఉన్నాయి, కనుక పైన కనిపించిన పేరును నమ్మబుద్ధి కావడం లేదు. "గ్లియోస్పోరియాయిడిస్ అని రాసేయండి, సరిపోతుంది" అంటున్నారు మా గైడ్ గారు. నాకు మనసొప్పడం లేదు.

జీఏపీడీహెచ్ జన్యువు వరుసలతో గీసిన చెట్టులో (వంశవృక్షంలో) ఒక నమూనా సియామెన్సె గుంపులో చేరింది. బీటా ట్యూబులిన్ జన్యువు చెట్టులో మాత్రం ఎటూ తేలలేదు. ఇక ఒక్క జన్యువుకే డబ్బులున్నాయి. ఏపీమ్యాట్ (రెండు జన్యువుల మధ్య ఉండే డీఎన్ఏ భాగం) చేయించాలా, కాల్మోడ్యులిన్ జన్యువా? చెట్లు ఇలా విభేదించినప్పుడు వరుసలన్నీ కలిపి ఒకే చెట్టు గీయడం సబబేనా? పోలికకు టైప్ నమూనాల (జాతి పేరుకు ఆధారంగా భద్రపరిచినవాటి) వరుసలు మాత్రమే తీసుకోవాలా? ఈ పని చేసినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పగలరు.